కనబడనిది కనబడట్లేదని కనిపెట్టడం ఎలా

చీకటి గదిలో తెల్లటి పెద్ద గిన్నెలాంటి మిషను ఉంటుంది. దాని ముందు గడ్డం ఆనించి కూర్చున్న ప్రతి మనిషికీ నేను చెప్పేది ఒకటే. "మధ్యలో పసుపు లైటునే చూడండి. పక్కన ఎక్కడైనా చుక్క మెరిస్తే బటన్ నొక్కండి. చుక్క కోసం వెతకొద్దు." కంటికి ఐదారు నిమిషాలు పడుతుంది. 54 చోట్ల చుక్కలు మెరుస్తాయి, కొన్ని బాగా వెలుగుతో, కొన్ని ఉందా లేదా అన్నట్టు. ఆఖర్న ప్రింటర్లోంచి కాగితం వస్తుంది. చూపు బాగున్నచోట తెలుపు, తగ్గినచోట బూడిదరంగు, లేనిచోట నలుపు. మేం దీన్ని ఫీల్డ్ టెస్ట్ అంటాం. ఏళ్లుగా నా ఉద్యోగం ఇదే.

ఒకసారి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు కుడికన్ను టెస్టు పూర్తిచేసి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. పైభాగంలో విల్లు వంచినట్టు నల్లటి మచ్చ ఉంది. కాసేపు కాగితం చూశారు, కాసేపు ఎదురుగా గోడ చూశారు. "అమ్మాయ్, నాకు ఎక్కడా నల్లగా కనబడట్లేదే. మీ మిషనే తేడాగా ఉంది" అన్నారు.

ఈ మాట నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు. చూపు పోయినచోట నల్లగా ఉంటుందని అందరం అనుకుంటాం. ఉండదు. అక్కడ ఏమీ లేదన్న సంగతి కూడా తెలియదు. ఇది మాటలతో చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి నేను ఒక అట్టముక్క తీస్తాను. మీరూ ఒకటి తీసుకోండి. దాంతోపాటు నల్ల స్కెచ్ పెన్ను, స్కేలు, గుండుసూది, అగ్గిపుల్ల, ఫోను, అద్దం, దారం, ఒక జత చలువ కళ్లద్దాలు ఉంటే చాలు.

ముందుగా రెండు హెచ్చరికలు. ఏ ప్రయోగంలోనూ సూర్యుడి వైపు గానీ లేజరు వైపు గానీ చూడకూడదు. కనుగుడ్డును వేలితో నొక్కి చేసే ప్రయోగాలు పుస్తకాల్లో కనబడతాయి. నేను మాత్రం ఎవరితోనూ చేయించను. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు ఎవరో నాకు తెలియదు కదా.

అందరికీ ఉన్న రంధ్రం

అట్ట మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు వేయండి. అదే వరసలో, కుడివైపు 8 సెం.మీ. దూరంలో, 1 సెం.మీ. వెడల్పున నల్లచుక్క గుండ్రంగా నింపండి. ఎడమకన్నును అరచేత్తో మూయండి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి కన్ను దొంగచూపు చూస్తుంది. కుడికన్నుతో కూడిక గుర్తునే చూస్తూ, అట్టను చేతి దూరం నుంచి మెల్లగా ముఖం వైపు తెచ్చుకోండి. చుక్క కూడా పక్కనే ఉన్నట్టు తెలుస్తుంటుంది. సుమారు 30 సెం.మీ. దగ్గరికి వచ్చేసరికి అది పోతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ వస్తుంది. అట్టను తలకిందులుగా తిప్పితే ఎడమకంటికీ పనికొస్తుంది.

మొదటిసారి చాలామందికి కుదరదు. "పోయిందా?" అని కన్ను చుక్క మీదికి వెళ్లి చూసి వస్తుంది, వెళ్లిందని మనకు తెలియదు. తల ఒక పక్కకు వాలినా కుదరదు, ఎందుకంటే కంటితోపాటు రంధ్రం కూడా వాలుతుంది. కొందరు మూయాల్సిన కన్ను వదిలి రెండోది మూస్తారు. మీకు కుదరకపోతే తప్పు ఈ మూడింట్లో ఎక్కడో ఉంటుంది.

కుదిరాక అసలు సరదా మొదలవుతుంది. ఒక తెల్లకాగితం గోడకు అంటించి, ఎడమ అంచున కూడిక గుర్తు వేసి, 40 సెం.మీ. దూరంలో కూర్చోండి. కుడికన్ను గుర్తు మీదే ఉంచి, మూత పెట్టిన నల్లపెన్ను కొనను గుర్తుకు కుడిగా 10, 11 సెం.మీ. దూరంలో మెల్లగా కదపండి. కొన మాయమైన చోటి నుంచి పైకి, కిందికి, అటూ ఇటూ జరుపుతూ, మళ్లీ కనబడిన ప్రతిచోటా ఒక గుర్తు పెట్టండి. వాటిని కలిపితే అడ్డంగా 4 సెం.మీ., నిలువుగా 5 సెం.మీ. ఉన్న కోడిగుడ్డు ఆకారం వస్తుంది. మీ ఇంట్లో గోడ మీద మీరే ఫీల్డ్ టెస్ట్ చేసుకున్నట్టు. ఆ రంధ్రంలో నిండు చందమామలు వరసగా పది పేర్చినా పడతాయి. ఒంటికన్నుతో ఆకాశం చూసినప్పుడు అంత ముక్క లేకుండానే చూస్తున్నాం.

ఎందుకుంది ఈ రంధ్రం? రెటీనా, అంటే కంటి లోపల వెనక గోడకు పరిచినట్టుండే వెలుగును పట్టే పొర. అందులోని నాడీతంతులన్నీ, ఒక్కో కంటికి పది పన్నెండు లక్షలు, ఒకచోట కట్టగా చేరి కనుగుడ్డు వెనక గోడను చీల్చుకుని మెదడుకు బయల్దేరతాయి. ఆ నిష్క్రమణ ద్వారం వెడల్పు ఒకటిన్నర మి.మీ. అక్కడ వెలుగును పట్టే కణాలు లేవు. ఇది చూపుకు కేంద్రం నుంచి బయటివైపు 15 డిగ్రీల దూరంలో పడుతుంది. స్కూలు పుస్తకాల్లో దీన్నే అంధచుక్క అంటారు. 1660ల్లో దీన్ని కనిపెట్టిన ఫ్రెంచివాడు ఎడ్మ్ మారియట్. నాడి చేరేచోట చూపు అన్నిచోట్లకంటే పదునుగా ఉండాలి కదా అని వెతకబోతే, ఉన్నది కాస్తా మాయమైంది. ఆక్టోపస్‌కు ఈ బెడద లేదు. దాని తంతులు వెలుగును పట్టే కణాల వెనక నుంచే వెళ్లిపోతాయి.

ఇప్పుడు రెండో అట్ట. చుక్కకు బదులుగా అదే చోట 10 సెం.మీ. పొడవున నిలువుగా లావుపాటి గీత గీసి, సరిగ్గా మధ్యలో ఒకటిన్నర సెం.మీ. ఖాళీ వదలండి. ఆ ఖాళీ మీ రంధ్రంలో పడేలా అట్టను జరిపితే గీత తెగినట్టు ఉండదు. నిండుగా, అతుకు లేకుండా కనబడుతుంది. పసుపు కాగితం మీద నల్లచుక్క పెడితే ఆ చోటు పసుపుగా నిండిపోతుంది. చుట్టుపక్కల ఏది ఉంటే మధ్యలోనూ అదే ఉంటుందని మెదడు ఊహించుకుంటుంది. ఊహించానని మాత్రం చెప్పదు.

మా మిషనుకు ఈ సంగతి తెలుసు. మధ్యమధ్యలో కావాలనే ఒక చుక్కను అంధచుక్కలో వెలిగిస్తుంది. అక్కడ కనబడే అవకాశమే లేదు. అయినా మీరు బటన్ నొక్కారంటే పసుపు లైటును వదిలి పక్కచూపులు చూస్తున్నారని, లేదా పాసైపోవాలని గుడ్డిగా నొక్కేస్తున్నారని లెక్క. రెండోరకం వాళ్లే నాకు ఎక్కువ తగులుతారు.

మీ రెటీనా రక్తనాళాలు మీరే చూడటం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. అట్టకు గుండుసూదితో చిన్న రంధ్రం పొడవండి. ఒక కన్ను మూసి, రెండో కంటికి ఆ రంధ్రాన్ని సెంటీమీటరు దూరంలో పెట్టి, వెలుగున్న తెల్లగోడను గానీ, కంప్యూటర్ తెరమీద ఖాళీ తెల్లపేజీని గానీ చూడండి. ఇప్పుడు అట్టను చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు ఆడించండి, సెకనుకు రెండు మూడుసార్లు, కంటిపాప దాటిపోకుండా. పది సెకన్లలో తెల్లటి తెర మీద ఎండుటాకు ఈనెల్లాంటి సన్నటి వల తేలుతుంది. మధ్యలో మాత్రం ఈనెలు లేని చిన్న చోటు. ఆడించడం ఆపండి, వల రెండు క్షణాల్లో కరిగిపోతుంది.

అవి మీ రక్తనాళాల నీడలు. మన రెటీనా తిరగేసి కుట్టిన చొక్కాలాంటిది. వెలుగును పట్టే కణాలు అట్టడుగున ఉంటాయి. వాటిమీద నాడీకణాల పొరలు, ఆ పొరల్లో రక్తనాళాలు. లోపలికొచ్చిన వెలుగు ఇవన్నీ దాటుకుని వెళ్లాలి. కాబట్టి నాళాల నీడలు పుట్టినప్పటి నుంచీ అక్కడే పడి ఉన్నాయి. మారకుండా ఒకేచోట ఉన్నదాన్ని నాడీవ్యవస్థ కబురుగా లెక్కపెట్టదు. అట్టను ఆడించినప్పుడు వెలుగు కొత్త కోణాల్లోంచి వచ్చి నీడలు కదులుతాయి, అందుకే బయటపడతాయి. మధ్యలో ఖాళీగా కనబడిన చోటు మీ చూపుకు పదునైన బిందువు, ఫోవియా. దానికి అడ్డంగా నాళాలు లేవు.

1819 ప్రాంతంలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే చెట్టు కొమ్మల్లాంటి ఈ నీడలను వర్ణించాడు. 1855లో జర్మన్ శాస్త్రవేత్త హైన్రిచ్ ముల్లర్ ఇంకా ముందుకు వెళ్లాడు. వెలుగును ఇంత జరిపితే నీడ ఎంత జరిగిందో కొలిచి, నాళాలకు ఎంత వెనక ఈ వెలుగును పట్టే పొర ఉందో లెక్కకట్టాడు. బతికున్న మనిషి కంటిని కోయకుండా మిల్లీమీటరులో భాగాన్ని కొలిచాడన్నమాట. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మారనిది మాయమవుతుందన్న నియమానికి ఇంకో రుజువు: ఒక కాగితం మధ్యలో నల్లచుక్క, పక్కన అరచెయ్యంత దూరంలో పెన్సిలు పొడిని దూదితో అద్దినట్టు అంచు మసకగా ఉన్న మరక వేయండి. చుక్కనే రెప్ప వేయకుండా ఇరవై సెకన్లు చూడండి. మరక వెలిసిపోతుంది. స్విట్జర్లాండ్ వైద్యుడు ట్రాక్స్‌లర్ 1804లో చెప్పింది ఇదే. మరి మామూలుగా లోకమంతా ఎందుకు వెలిసిపోదు? మన కన్ను ఎప్పుడూ నిలకడగా ఉండదు, సన్నగా వణుకుతూనే ఉంటుంది. 1950ల్లో అద్దాల అమరికతో ఆ వణుకును రద్దుచేసి, బొమ్మను రెటీనా మీద కదలకుండా నిలబెట్టారు. కొన్ని సెకన్లలో బొమ్మ పోయింది.

తలకిందుల బొమ్మ

సూది రంధ్రం ఉన్న అట్టను కంటికి మూడు నాలుగు సెం.మీ. దూరంలో పెట్టి వెలుగున్న గోడ వైపు చూడండి. వెలుగు చక్రం ఒకటి కనబడుతుంది. ఇప్పుడు అగ్గిపుల్లను తల పైకి ఉండేలా పట్టుకుని, అట్టకూ కంటికీ మధ్యలోకి కిందినుంచి పైకి తీసుకురండి. సూది వద్దు, కంటి దగ్గర పని. అగ్గిపుల్ల పైనుంచి కిందికి దిగుతున్నట్టు, తల కిందికి ఉన్నట్టు కనబడుతుంది.

కంటిలో బొమ్మ తలకిందులుగా పడుతుందని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లోనే లెక్కవేసి చెప్పాడు. మనం చూసే ప్రతిదీ అలాగే పడుతుంది, కాబట్టి మెదడు 'రెటీనా అడుగున పడింది అంటే లోకంలో పైన ఉంది' అని అర్థం చేసుకుంటుంది. ఇక్కడ అగ్గిపుల్ల కంటికి మరీ దగ్గర కావడంతో లెన్సు బొమ్మ కట్టలేదు. నిటారు నీడ మాత్రం పడింది. మెదడు తన అలవాటు ప్రకారం దాన్నీ తిప్పి చదివింది.

"మరి మెదడులో బొమ్మను నిటారుగా ఎవరు తిప్పుతారు?" అని పిల్లలు అడుగుతారు. తిప్పాల్సిన బొమ్మ, దాన్ని చూసే మనిషి లోపల ఎవరూ లేరు. ఉన్నది నాడీకణాల మధ్య ఒప్పందం. 1890ల్లో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ సైకాలజిస్టు లోకాన్ని తిరగేసే లెన్సు పెట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. మొదట్లో గ్లాసు అందుకోవడమే గగనమైంది, తర్వాత చేతులు కాళ్లు సర్దుకున్నాయి.

బొటనవేలి గోరంత చూపు

చెయ్యి బారుగా చాపి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు వెడల్పే మీ పదునైన చూపు, ఒకటిన్నర రెండు డిగ్రీలు. మిగతాదంతా మసక. నమ్మకం లేకపోతే ఈ వాక్యంలో ఒక పదం మీద కన్ను నిలిపి, కదపకుండా, నాలుగు పదాల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నించండి.

రంగు పెన్నులు నాలుగు తెచ్చి, ఒకరిని మీ వెనక నిలబెట్టి, ఏ రంగో చెప్పకుండా ఒక్కోటి చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెమ్మనండి. మీరు ఎదురుగా ఒక బిందువునే చూడాలి. ముందు 'ఏదో కదిలింది' అని తెలుస్తుంది, చాలాసేపటికి రంగు, దాదాపు కంటి ముందుకు వచ్చాక గానీ దానిమీద అక్షరాలు తెలియవు. పందెం కాసుకుని ఆడొచ్చు, అందరూ ఓడతారు.

రంగును, సన్నటి వివరాన్ని పట్టేవి శంకు కణాలు, కంటికి సుమారు 50, 60 లక్షలు. అవి ఫోవియాలో కిక్కిరిసి ఉంటాయి, పక్కలకు వెళ్లేకొద్దీ పలచబడతాయి. మసక వెలుగుకు పనికొచ్చే దండ కణాలు 9 నుంచి 12 కోట్లు. ఫోవియా నడిమధ్యలో ఒక్కటీ ఉండదు. పది కోట్ల పైచిలుకు కణాలు, బయటికి వెళ్లే తంతులు పది పన్నెండు లక్షలు. అంటే ఉన్నదున్నట్టు పంపే వీలే లేదు. రెటీనాయే కుదించి పంపుతుంది: ఇక్కడ వెలుగు ఎంత అని కాదు, పక్కదానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని. ఒకే బూడిదరంగు కాగితం నుంచి రెండు ముక్కలు కత్తిరించి ఒకటి నల్లకాగితం మీద, ఒకటి తెల్లకాగితం మీద పెడితే నలుపు మీదిది లేతగా కనబడటానికి ఇదొక కారణం.

అరగంట చీకటి

రాత్రి పడుకునేముందు లైటు ఉండగానే ఒక కంటికి నల్లగుడ్డ మడతపెట్టి కట్టుకోండి. అరగంట మామూలుగా పనులు చేసుకోండి. తర్వాత లైటు ఆర్పి గుడ్డ తీసి, ఒక్కో కన్ను మార్చి మార్చి మూసి చూడండి. ఒక కంటికి గది అంతా నల్లటి సిరా, రెండో కంటికి తలుపు, కుర్చీ, గోడమీద క్యాలెండరు ఆకారం. ఒకే తల, రెండు వేరే రాత్రులు.

కంటిపాప విప్పారడం వల్ల అనుకుంటారు. అది క్షణాల్లో అయిపోయే పని, పైగా దానివల్ల వచ్చేది కొంచెమే. అసలు పని దండ కణాల్లో రోడాప్సిన్ అనే పదార్థం తిరిగి కూడటం. విటమిన్ ఎ నుంచి తయారయ్యే రెటినాల్ అనే చిన్న అణువు అందులో వంగి కూర్చుని ఉంటుంది. వెలుగు తగలగానే నిటారుగా సాగుతుంది, అక్కడి నుంచి గొలుసుకట్టుగా చర్యలు జరిగి కణంలో విద్యుత్తు మారుతుంది. ఒక్క కాంతి రేణువు చాలు ఒక దండ కణాన్ని కదిలించడానికి. వాడిన అణువును మళ్లీ వంచి కూర్చోబెట్టడానికి టైము పడుతుంది. శంకు కణాలు పది నిమిషాల్లోపే తేరుకుంటాయి, దండ కణాలకు ముప్పై నలభై నిమిషాలు.

నేను చదువుకునే రోజుల్లో నన్ను తికమక పెట్టింది ఏమిటంటే, ఈ కణాలు చీకట్లోనే గోల చేస్తాయి. గ్లుటమేట్ అనే రసాయనాన్ని చీకట్లో ఆపకుండా వదులుతూ ఉంటాయి, వెలుగు పడితే తగ్గిస్తాయి. అంటే చూపు మొదలయ్యేది ఒక కూత ఆగిపోవడంతో. పరీక్షలో నేను దీన్ని తలకిందులుగా రాసి మార్కులు పోగొట్టుకున్నాను.

చీకటి బాగా అలవాటయ్యాక మసక నక్షత్రాన్ని సూటిగా చూడండి, పోతుంది. కొంచెం పక్కకు చూస్తే వస్తుంది. ఫోవియా మధ్యలో దండ కణాలు లేవని పైన చెప్పాను కదా.

అద్దం ముందు దొంగ

అద్దానికి ఒక జానెడు దూరంలో నిలబడి మీ ఎడమకన్నును చూడండి, తర్వాత కుడికన్నును, మళ్లీ ఎడమ. మీ కళ్లు కదలడం మీకు ఎప్పటికీ కనబడదు. పక్కనున్నవాళ్లను అడగండి, వాళ్లకు స్పష్టంగా కనబడుతుంది. ఇప్పుడు ఫోనులో సెల్ఫీ కెమెరా తెరిచి అదే పని చేయండి. కళ్లు కదులుతూ కనబడతాయి, ఎందుకంటే ఫోను బొమ్మను కొంచెం ఆలస్యంగా చూపిస్తుంది, అప్పటికి మీ కన్ను ఆగి ఉంటుంది.

కన్ను సెకనుకు సుమారు మూడుసార్లు ఇలా దూకుతుంది. దూకిన కొన్ని పదుల మిల్లీసెకన్లూ రెటీనా మీద లోకమంతా గీతలుగా జారిపోతుంది. మెదడు ఆ ముక్కను అణచిపెట్టి, ముందూ వెనకా కలిపి కుట్టేస్తుంది. ముళ్ల గడియారం వైపు చటుక్కున చూసినప్పుడు మొదటి సెకను సాగినట్టు, ముల్లు ఆగిపోయినట్టు అనిపించేది ఈ కుట్టుపని వల్లే.

కన్ను కదలబోతోందని మెదడుకు ముందే ఎలా తెలుసు? కండరాలకు ఆజ్ఞ వెళ్లేటప్పుడే దాని నకలొకటి చూపు చూసుకునే భాగాలకు వెళుతుంది. చీకటి గదిలో ఫోను తెరను తెల్లగా పెట్టి పది సెకన్లు దాన్నే చూసి ఆర్పేయండి. కళ్ల ముందు పెట్టెలాంటి మరక మిగులుతుంది. ఆ మరక రెటీనా మీద అతుక్కుని ఉంది, ఒక్క మిల్లీమీటరు కదలదు. అయినా మీరు కళ్లు తిప్పిన వైపుకల్లా అది గదిలో తిరుగుతుంది. నకలు కాగితం చేసే లెక్క అది.

లోలకం ప్రయోగం త్వరగా చెప్పేస్తాను. దారానికి చిన్న బరువు కట్టి, రెండు మీటర్ల దూరంలో మీ ముందు అడ్డంగా, కుడికీ ఎడమకీ ఊపమనండి. చలువ కళ్లద్దాల్లో ఒక అద్దాన్ని ఒక కంటికే అడ్డంపెట్టి రెండు కళ్లూ తెరిచి చూడండి. బరువు సున్నా చుడుతున్నట్టు, మీకు దగ్గరికొచ్చి దూరం వెళుతున్నట్టు ఉంటుంది. అద్దాన్ని రెండో కంటికి మారిస్తే వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మసక వెలుగులో నాడీ సంకేతం కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా బయల్దేరుతుంది. రెండు కళ్ల కబుర్లలో తేడాను మెదడు దగ్గర, దూరాల తేడాగా చదువుతుంది. 1922లో దీన్ని వివరించిన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ పుల్ఫ్రిక్‌కు ఒక కన్ను కనబడదు. ఆయన తన పేరుతో ఉన్న ఈ వింతను ఎప్పుడూ చూడలేకపోయాడు. నరం వాచి ఒక కన్ను దెబ్బతిన్నవాళ్లకు ఏ అద్దమూ లేకుండానే ఇలా అవుతుంది. రోడ్డు మీద వచ్చే బండి ఎంత దూరంలో ఉందో అంచనా తప్పుతోందని చెబుతారు.

కాగితం మీద మెదడును చదవడం

కంటి నుంచి బయల్దేరిన తంతుల్లో ముక్కువైపు సగం దారిలో అటుది ఇటు, ఇటుది అటు దాటుకుంటాయి. చెవివైపు సగం దాటవు. దాంతో లోకంలో ఎడమ సగం, ఏ కంటితో చూసినా, కుడి మెదడుకే చేరుతుంది. తల వెనక భాగంలో ఉన్న మొదటి చూపు కేంద్రంలో రెటీనా పటం పరిచినట్టు ఉంటుంది, కానీ కొలతలు సమానం కాదు. మధ్యలోని 10 డిగ్రీలకే దాదాపు సగం స్థలం.

ఆ పటాన్ని జాగ్రత్తగా గీసినవాళ్లలో ఒకడు జపాన్ కంటి డాక్టరు తత్సుజి ఇనోయె. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తలలోంచి తూటా దూసుకెళ్లి బతికిన సైనికులకు చూపు ఎంత పోయిందో తేల్చి పెన్షను లెక్కకు రాయడం ఆయన ఉద్యోగం. తూటా దారినీ, పోయిన చూపునూ పక్కపక్కన పెట్టి 1909లో పటం ప్రచురించాడు. నా వృత్తికి ఆయన తాతలాంటివాడు.

ఆ కేంద్రంలో కణాలు దేనికి స్పందిస్తాయో హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1958లో కనిపెట్టింది సగం పొరపాటున. పిల్లి మెదడులో కణానికి నల్లచుక్కలు చూపిస్తుంటే ఉలుకూ పలుకూ లేదు. గాజు స్లైడు మార్చేటప్పుడు దాని అంచు నీడ ఒక వాలులో జారగానే కణం టపటపా మోగింది. చుక్కలు కాదు, వాలుగా కదిలే గీతలు దానికి కావాల్సింది. 1981లో నోబెల్ వచ్చింది.

ఇదంతా నాకు ప్రింటు కాగితం చదవడానికి పనికొస్తుంది. మచ్చ ఒక్క కంటిలోనే ఉంటే లోపం రెటీనాలోనో కంటి నరంలోనో. రెండు కళ్లకూ బయటివైపు సగాలు పోతే తంతులు దాటుకునే చోట ఏదో నొక్కుతోంది, ఆ చోటికి కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి మీద గడ్డను ముందు అనుమానిస్తారు. రెండు కళ్లకూ ఒకేవైపు సగం పోతే దెబ్బ ఆ కూడలికి వెనక, మెదడులో, ఎక్కువగా పక్షవాతం. అడ్డగీత దగ్గర కత్తిరించినట్టు ఆగే విల్లు వంపు మచ్చ అయితే గ్లకోమా, పాతవాళ్ల మాటలో నీటికాసులు. కాగితం దారి చూపుతుంది, తేల్చేది డాక్టరే.

ఇంట్లో మీరు చేయగలిగిన ముతక పరీక్ష ఒకటుంది. ఎదురెదురుగా మీటరు దూరంలో కూర్చోండి. మీరు కుడికన్ను మూస్తే ఎదుటివారు ఎడమకన్ను మూయాలి. ఒకరి కన్నులోకి ఒకరు చూస్తూ, వాళ్లు ఇద్దరికీ మధ్యదూరంలో నాలుగు మూలల్లో ఒక్కో మూల ఒకటో రెండో ఐదో వేళ్లు చూపాలి, మీరు లెక్క చెప్పాలి. వాళ్లకు కనబడుతూ మీకు కనబడని మూల ఉంటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అన్నీ సరిగ్గా చెప్పారంటే ఏమీ లేదని కాదు. మొదటి దశ గ్లకోమా దీనికి దొరకదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి తేలే మచ్చలు గుంపుగా, లేదా పక్కనుంచి తెర దిగుతున్నట్టు ఉంటే పరీక్షలేవీ చేసుకోకుండా అదే రోజు వెళ్లండి, రెటీనా ఊడుతుండొచ్చు.

ఒక్కో కన్ను మూసే చేయాలని ఎందుకు ఇంత పట్టుబడతానంటే, నేను చేరిన కొత్తలో ఒకామెకు ఎడమకన్ను టెస్టు పెట్టి కుడికంటికి ప్యాచ్ కట్టడం మరిచిపోయాను. కాగితం మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. పాత కాగితం నిండా నలుపు. డాక్టరుగారు రెండూ పక్కపక్కన పెట్టి, నా వైపు చూసి, ఏమీ అనకుండా కాగితాలు తిరిగిచ్చారు. ఆ తెల్లకాగితంలో అంధచుక్క కూడా లేదు. నేను అక్కడే పట్టుకోవాల్సింది. ఒక కంటి రంధ్రాన్ని రెండో కన్ను కప్పేస్తుంది, అందుకే ఇద్దరం, నేనూ ఆమే, గమనించలేదు.

మాస్టారి దగ్గరకొస్తే, అట్టమీద చుక్క మాయం కాగానే ఆయన గబుక్కున అట్ట తిప్పి వెనక చూశారు, నేనేమైనా చేశానేమోనని. మళ్లీ చేశారు. మూడోసారి నా స్కేలు అడిగి గుర్తుకూ చుక్కకూ మధ్య కొలిచారు. కంటి దగ్గర్నుంచి అట్టకు నన్ను కొలవమన్నారు.

"ఎనిమిది బై ముప్పై" అని ప్రిస్క్రిప్షన్ వెనక రాశారు. "పాయింట్ రెండు ఆరు ఏడు. టాన్ పదిహేను డిగ్రీలు."

ప్రింటు కాగితం లాక్కుని మధ్యగీత వెంట వేలు జరుపుకుంటూ కుడికి వెళ్లారు. సరిగ్గా పదిహేను దగ్గర చిన్న నల్లమచ్చ, అందరి కాగితంలోనూ ఉండేదే, ఆయన మొదట పట్టించుకోనిదే.

"ఇది ఇప్పుడు నేను చూసిన చుక్క. చూడని చుక్క."

"అవును సార్."

ఆయన వేలు అక్కణ్ణించి మెల్లగా పైకి, విల్లులా వంగిన మచ్చ మీదికి వెళ్లి ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే అమ్మాయ్, ఈ కంటికి ప్యాచ్ కట్టు. రెండోది చూద్దాం."